హూగార్ మేష్టారూ, ఆయన ఆఖరి పేజీలూ

కణవిహాళ సర్కారు బడి పీటీ మేష్టారు చన్నవీరప్ప హూగార్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, ఆకువక్క కూడా లేదు. ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అచ్చయిన కాగితం కంటబడితే ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం దాకా చదవందే వదలరు. ఎదుటివాళ్ళు అలా చదవలేదని తెలిస్తే వాళ్ళనీ వదలరు.

పెళ్ళి పత్రిక చేతికిస్తే ముహూర్తం చూడరు. అట్టడుగున ఉండే అచ్చాఫీసు పేరు దాకా చదివి, "పెళ్ళి గదగ్‌లో, పత్రిక హుబ్బళ్ళిలో అచ్చు. ఎందుకలా?" అని పెళ్ళికూతురి తండ్రిని నిలదీస్తారు. ఒకసారి తలనొప్పి మాత్ర కొని, డబ్బాలో మడతపెట్టిన చీమతలకాయంత అక్షరాల కాగితం మొత్తం అక్కడే కొట్టు అరుగు మీద కూర్చుని చదివారు. చదవడం అయ్యేసరికి తలనొప్పి తగ్గిపోయిందని మాత్ర వెనక్కిచ్చేశారు. "పెళ్ళిచూపుల్లో నా మొహం చూసిందే తక్కువ. మా నాన్న ఇచ్చిన జాతకం తిరగేసి, 'ఇందులో ఆఖరి పేజీ ఏదీ?' అన్నాడీ మహానుభావుడు," అని ఆయన భార్య గౌరవ్వ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంట్లో అయితే అడగడంతో సరిపోతుంది. బడిలో మెడకు విజిల్ ఉంటుంది. కోర్టు తీర్పులన్నా, శాఖవాళ్ళ ఉత్తర్వులన్నా మేష్టారికి ప్రాణం. వాటి గురించి ఎవరైనా సగం తెలిసి మాట్లాడారా, విజిల్ మోగుతుంది. స్టాఫ్ రూంలో ఆయన కుర్చీ పక్కనే ఒకటో తరగతి పంతులమ్మ నీలగంగ అక్కోరి కుర్చీ. ఆ లెక్కన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ ఎడమ చెవి చాలా చూసింది.

ఒక ఉదయం సైన్సు మేష్టారు ఫకీరప్ప ఫోను చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అయిపోయింది! మన బతుకు అయిపోయింది! ఇకనుంచి పిల్లల్ని గట్టిగా కోప్పడినా జైలేనట. కోర్టు చెప్పేసింది!"

విజిల్.

"తీర్పు చదివావా?" అన్నారు హూగార్ మేష్టారు.

"వాట్సాప్‌లో వచ్చింది సార్."

"ఎన్ని పేజీలు?"

"నాలుగు లైన్లు."

"తీర్పు ముప్పై ఒక్క పేజీలు. ఆఖరి పేజీ చదివావా? కొడితే నేరం. కోప్పడితే కాదు. నువ్విప్పుడు నిక్షేపంగా వెళ్ళి కోప్పడు. కానీ వాళ్ళెందుకు నీ మాట వినడం లేదో ముందు నువ్వు తెలుసుకో. నిన్న నువ్వు చెప్పిన పాఠం వాళ్ళకే కాదు, కిటికీలోంచి విన్న నాకూ అర్థం కాలేదు."

నీలగంగ నవ్వు ఆపుకోలేక చాక్‌పీసుల డబ్బాలోకి మొహం పెట్టేసింది.

మరోసారి వంట చేసే యల్లవ్వ చెంగు నోట్లో కుక్కుకుని వచ్చి నిలబడింది. తాలూకా ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, కొత్త రూలు వచ్చింది, రేపట్నుంచి పనికి రావద్దన్నారట.

"ఫోన్ ఎన్నో పేజీలో ఉంటుంది యల్లవ్వా?" అన్నారు మేష్టారు.

"ఫోన్‌కి పేజీ ఏంటి యప్పా?"

"లేదు కదా? మరి పేజీ లేనిదాన్ని నమ్మి పప్పు పొయ్యి మీదనుంచి దించేస్తావా? కాగితం ఇమ్మను. నేను చదువుతాను. చదివేదాకా నువ్వు వండు."

కాగితం రానూ లేదు, యల్లవ్వ వంట మాననూ లేదు. అయినా స్టాఫ్ రూంలో అందరూ అనుకున్నది ఒకటే: ఈయనకి ఎవరితోనో ఒకరితో వాదించకపోతే తిన్నది అరగదు. నీలగంగ కూడా అలాగే అనుకుంది. మంచివాడే కానీ, మెడలో ఆ విజిలూ, చంకలో ఆ ఫైలూ లేకపోతే ఇంకాస్త మంచివాడు.

ఇంతలో పెద్ద కోర్టు తీర్పు వచ్చింది. ఈసారి ఫకీరప్ప ఫోను అబద్ధం చెప్పలేదు. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన పాత టీచర్లు కూడా ఇప్పుడు అర్హత పరీక్ష రాయాల్సిందే. రిటైర్మెంటుకి ఐదేళ్ళకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు రెండేళ్ళలో పాసవ్వాలి. అవ్వకపోతే ఇంటికే. కొన్నాళ్ళకు దాని మీద శాఖవాళ్ళ వివరణ కూడా వచ్చింది. హెడ్ అక్కోరు ఇందుమతి దేశాయి దాన్ని ఎప్పటిలాగే హూగార్ మేష్టారి చేతిలో పెట్టింది.

మేష్టారు చదువుతుంటే నీలగంగ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తనకి యాభై ఒకటి. ఇంకా తొమ్మిదేళ్ళుంది. ఫకీరప్ప ఆ పరీక్ష పాసయ్యాకే ఉద్యోగంలో చేరాడు. హెడ్ అక్కోరికి ఇంకా మూడేళ్ళే ఉంది. మైదానంలో ఆడించే హూగార్ మేష్టారిని పరీక్ష ఎవరు రాయమంటారు? అంటే ఈ బడి మొత్తం మీద పరీక్ష రాయాల్సింది తనొక్కతే. పలక మీద 'అ' దిద్దించిన పిల్లల పిల్లలకి కూడా 'అ' దిద్దిస్తున్న మనిషి ఇప్పుడు తనే హాల్ టికెట్ పట్టుకుని బెంచీ మీద కూర్చోవాలి.

"నా వల్ల కాదు," అంది మెల్లగా. "ఇంగ్లీషు ఉంటుంది. ఆ గుండ్రాలు నింపడం ఉంటుంది. నాకు పరీక్ష అంటేనే కాళ్ళు చల్లబడతాయి. ఉన్న పరువుతో ఇప్పుడే వెళ్ళిపోతాను."

"మీకేం తొందర? నేనూ రాయాలి కదా," అన్నారు హూగార్ మేష్టారు.

"మీరా?"

"అందరికీ వర్తిస్తుంది. నాకు మీకంటే ఒక్క ఏడాది ఎక్కువ, అంతే."

హెడ్ అక్కోరు కళ్ళజోడు తీసి, "హూగార్ గారూ, అదేంటి, మీకు..." అనబోయింది.

విజిల్. అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. బయట ఆడుకుంటున్న మూడో తరగతి వాళ్ళు అలవాటుగా వరసకట్టి నిలబడిపోయారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకటో తరగతి గదిలో చదువు మొదలైంది. నీలగంగ టేబుల్ దగ్గర, మేష్టారు పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని. మైదానంలో నలభై మందిని ఒక్క ఈలతో నడిపించే మనిషి పుస్తకం ముందు ఇంత మొద్దు అని నీలగంగ ఎన్నడూ అనుకోలేదు.

"అర్థం కాలేదు అక్కోరూ. మళ్ళీ చెప్పండి."

"ఇప్పుడేగా చెప్పాను!"

"చెప్పారు. నా బుర్రలోకి పోలేదు. ఈ ప్రశ్న చూడండి. ఒకే కొలత నీళ్ళు పొట్టి గ్లాసులోంచి పొడుగు గ్లాసులోకి పోస్తే పసిపిల్ల ఎక్కువయ్యాయంటుందట. ఎందుకంటుంది? నీళ్ళు అవే కదా?"

"మన బీరేశ రోజూ పాలప్పుడు పొడుగు గ్లాసు కోసం ఏడవడూ? అదే ఇది! వాడి కంటికి ఎత్తే కనిపిస్తుంది. వెడల్పు ఇంకా కనిపించదు. ఏడో ఏడు వస్తే దానంతట అదే తెలుస్తుంది."

"ఆహా! ఇక్కడ దీనికేదో నోరు తిరగని పేరు రాశారు."

"పేరేదైతేనేం, బీరేశే."

"పరీక్షలో బీరేశ అని రాయడానికి లేదు అక్కోరూ. నాలుగు జవాబులిస్తారు. వాటిలో బీరేశ ఎక్కడున్నాడో మీరు వెతకాలి."

అప్పటినుంచి నీలగంగకి ఒక దారి దొరికింది. పుస్తకంలో పెద్ద పెద్ద మాటలు కనిపిస్తే ఆ మాట వెనకాల తన తరగతిలో ఎవరున్నారో చూసేది. తప్పు చెప్తానేమోనని నోరే విప్పని సంగవ్వ ఒక పేజీలో దొరికింది. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లాడు ఇంకో పేజీలో దొరికాడు. ఆ మొద్దు మేష్టారికి చెప్పడానికి ముందురోజే చదివి పెట్టుకోవాల్సి వచ్చేది. ఇంగ్లీషు కూడా అలాగే. ఆయన ఒకే వాక్యం నాలుగుసార్లు తప్పు చదివితే, విసుగెత్తి నాలుగుసార్లు సరిచేసేది. నాలుగోసారికి తనకి కంఠతా వచ్చేసేది.

మొదటి పరీక్షకి ఇద్దరూ ఒకే బస్సులో గదగ్ వెళ్ళారు. మేష్టారు జేబులో రెండు పెన్నులు, చేతిలో అట్ట. "నా సెంటరు అటువైపు," అని బస్టాండులో విడిపోయారు.

లోపల నీలగంగ కాళ్ళు చల్లబడనే చల్లబడ్డాయి. అయినా రాసింది. నలభై ఒకటో ప్రశ్న దగ్గర వరస తప్పి, దాని జవాబు నలభై రెండో గుండ్రంలో నింపింది. అక్కడనుంచి ఎన్ని జవాబులు పక్కింట్లో దూరాయో దేవుడికే తెలియాలి. గంట కొట్టడానికి కాస్త ముందు చూసుకుంది కానీ, నల్లగా నిండిన గుండ్రాన్ని ఎవరు చెరపగలరు?

నూట యాభైకి తొంభై రావాలి. ఎనభై ఆరు వచ్చాయి.

ఫలితం చూసిన రోజే రాజీనామా కాగితం రాసి మడతపెట్టుకుని బడికి వచ్చింది. స్టాఫ్ రూం గుమ్మంలో హూగార్ మేష్టారు ఎదురయ్యారు.

"ఎన్ని వచ్చాయి అక్కోరూ?"

"ఎనభై ఆరు."

మేష్టారు మొహం వేలాడేశారు. "మీరే నయం. నాకు ఎనభై మూడు."

నీలగంగ ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని నెలలు కష్టపడి చెప్పిన పాఠం. ఎనభై మూడు! ఒక్కసారిగా ఒళ్ళు మండింది. "ఎలా సార్? ఇంగ్లీషు అంతా నేను చెప్పిందే కదా వచ్చింది? ఏ ప్రశ్నలు పోగొట్టారు? రేపు ఆ ప్రశ్నపత్రం తీసుకురండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చెప్తాను."

"మరి చేతిలో ఆ మడత కాగితం రాజీనామా కాదు కదా..."

"మిమ్మల్ని ఇలా వదిలేసి ఎలా వెళ్ళను?" అంది. ఆ కాగితం నాలుగు ముక్కలై చెత్తబుట్టలో పడింది.

రెండో పరీక్షకి మేష్టారు కొత్త ఏర్పాటు చేశారు. మైదానంలో సున్నంతో గుండ్రాలు గీశారు. వరసకి నాలుగు, మొత్తం యాభై వరసలు, పక్కన అంకెలు. "కాళ్ళకి తెలిస్తే చేతికి తెలుస్తుంది. ఇది నా సబ్జెక్టు," అన్నారు.

విజిల్. "పద్దెనిమిది, సి!"

యాభై రెండో ఏట నీలగంగ అక్కోరు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పద్దెనిమిదో వరస వెతుక్కుని మూడో గుండ్రంలో నిలబడింది.

"ముప్పై ఏడు, ఎ! నలభై ఒకటి, డి!"

"అక్కోరూ, అది నలభై రెండు! నలభై రెండులో నిలబడ్డారు!" గట్టు మీద కూర్చున్న ఒకటో తరగతి మొత్తం అరిచింది. సంగవ్వ, నోరు విప్పని సంగవ్వ, అందరికంటే గట్టిగా అరిచింది. నీలగంగ గెంతి నలభై ఒకటిలోకి వచ్చింది. చప్పట్లు. యల్లవ్వ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఈ వయసులో తొక్కుడుబిళ్ళ ఆడిస్తున్నాడు, ఈ యప్పకి పిచ్చి ముదిరింది," అని లోపలికి పోయింది. నెల తిరిగేసరికి నీలగంగ కళ్ళు మూసుకుని కూడా వరస తప్పేది కాదు.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం వయసు పత్రం గురించి ఏదో అనుమానం వచ్చి, అప్పట్లో మేష్టారు తీసిచ్చిన శాఖవాళ్ళ వివరణ జెరాక్సు నీలగంగ బయటికి తీసింది. ఇన్నేళ్ళుగా ఆయన పక్కన కూర్చున్న పుణ్యమా అని ఇప్పుడు ఆవిడకీ అలవాటైంది: మొదటినుంచి ఆఖరిదాకా. చదువుతూ చదువుతూ అడుగున ఉన్న అంకె మీద కన్ను పడింది. 'పదహారులో పదిహేనో పేజీ.' తిప్పింది. వెనకాల ఖాళీ. పదహారో పేజీ లేదు.

ఆఖరి పేజీ లేకుండా హూగార్ మేష్టారు కాగితం ఇవ్వడమా? సూర్యుడు పడమట పొడిచినా నమ్మొచ్చు కానీ.

సోమవారం బడి ఫైల్లో వెతికింది. అందులోనూ పదిహేనే. సాయంత్రం బస్సెక్కి తాలూకా ఆఫీసుకి వెళ్ళి, అక్కడి గుమాస్తాని బతిమాలి ఆ ఒక్క పేజీ జెరాక్సు చేయించుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదివింది. ఆఖరి పేజీ, ఆఖరి వాక్యం: వ్యాయామం, చిత్రలేఖనం, సంగీతం టీచర్లకి ఈ పరీక్ష వర్తించదు.

ఇంకోసారి చదివింది. ఎనభై మూడు! రాయని పరీక్షలో ఎనభై మూడు! ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత, ముందు తన మార్కులు అడిగి, ఆ తర్వాతే సరిగ్గా మూడు తగ్గించుకుని చెప్పాడని గుర్తొచ్చింది. రెండు పెన్నులతో అట్ట పట్టుకుని ఆ రోజంతా గదగ్ వీధుల్లో ఎక్కడ తిరిగాడో! నవ్వు ఎక్కడ మొదలైందో తెలియలేదు. టికెట్ ఇవ్వడానికి వచ్చిన కండక్టరు, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

మర్నాడు నేరుగా హెడ్ అక్కోరి గదిలోకి వెళ్ళి పేజీ టేబుల్ మీద పెట్టింది. "మీకు తెలుసు."

ఇందుమతి దేశాయి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "తెలుసమ్మా. ఆ రోజు నువ్వు వెళ్ళాక నా కళ్ళముందే చింపి జేబులో పెట్టుకున్నాడు. సర్కారు కాగితం అలా చింపొచ్చా అంటే ఏమన్నాడో తెలుసా? 'ఆవిడ తన కోసం అయితే ఒక్క రోజు చదివి పుస్తకం మూసేస్తారు. ఎవరికో చెప్పాలంటే మాత్రం తెల్లారగట్ల లేచి చదువుతారు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఇప్పుడావిడకి ఒక మొద్దు విద్యార్థి కావాలి, అంతే' అన్నాడు."

నీలగంగ పేజీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం మేష్టారు ఎప్పటిలాగే బెంచీలో ఇరుక్కుని, "అర్థం కాలేదు అక్కోరూ," అన్నారు. నీలగంగ ఎప్పటిలాగే విసుక్కుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కాకపోతే ఆ రోజు ఇంకొంచెం నెమ్మదిగా చెప్పింది.

రెండోసారి గదగ్‌లో ఆవిడ కాళ్ళు చల్లబడలేదు. ప్రశ్నపత్రం తెరిస్తే అందులో అందరూ తెలిసినవాళ్ళే. బీరేశ ఇరవై రెండో ప్రశ్నలో ఉన్నాడు, వేరే పేరుతో. నలభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి చెవిలో ఒకటో తరగతి మొత్తం అరిచినట్టనిపించి, నవ్వుకుని, సరైన గుండ్రంలో దిగింది.

ఫలితాలు వచ్చిన రోజు స్టాఫ్ రూంలో ఫకీరప్ప ఫోను చుట్టూ అందరూ మూగారు. అతను నంబరు కొట్టి, ఊపిరి బిగబట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నూట ఇరవై ఒకటి! అక్కోరూ, నూట ఇరవై ఒకటి! నాకప్పుడు తొంభై నాలుగే!"

హెడ్ అక్కోరు నీలగంగని కావలించుకుంది. యల్లవ్వ వంటింట్లోంచి పళ్ళెం, గరిటె తెచ్చి వాయించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని ఒకటో తరగతి గది ఖాళీ అయిపోయింది. "మన అక్కోరు పాసు! మన అక్కోరు పాసు!" అని మైదానం చుట్టూ పిల్లలు ఊరేగింపు తీశారు. ఏ పరీక్షో, ఎందుకో వాళ్ళకి తెలియదు. పాసయ్యిందని తెలుసు, అది చాలు.

ఆ సందట్లో నీలగంగ తిరిగి చూసింది. "మరి మీకెన్ని మేష్టారూ?"

హూగార్ మేష్టారు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "నాకు... సర్వరు రావడం లేదు. బహుశా ఎనభై తొమ్మిది రావొచ్చు. ఒక్క మార్కుతో పోతుందేమో."

నీలగంగ సంచిలోంచి పదహారో పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. "ఆఖరి పేజీ చదివారా మేష్టారూ?"

ఆ గదిలో మొట్టమొదటిసారి హూగార్ మేష్టారి చేయి విజిల్ దాకా వెళ్ళి, ఊదకుండానే వెనక్కొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. "అది... మా జెరాక్సులో పదిహేను దాకే..." అని ఏదో గొణిగి, తనే పక్కున నవ్వేశారు.

"ఈ మొద్దు విద్యార్థిని పాస్ చేయించలేకపోయానని నాకు నిద్ర పట్టేది కాదు. తెలుసా?" అంది నీలగంగ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. "నడవండి. మరమరాల గిర్మిట్, మిరపకాయ బజ్జీలు, ఎన్ని తింటే అన్ని. ఇవాళ అందరికీ నేను పెడతాను."

కణవిహాళ కబురు పక్క ఊళ్ళకి పాకింది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఒకటో తరగతి గదిలో చుట్టుపక్కల బళ్ళనుంచి వచ్చిన పదకొండు మంది టీచర్లు ఉంటారు. అందరిదీ నెరిసిన జుట్టే. అందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ చిన్న బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటారు. టేబుల్ దగ్గర నీలగంగ అక్కోరు. మొన్న పాఠం మధ్యలో, హిరేకొప్ప బడి లెక్కల మేష్టారు, యాభై మూడేళ్ళ మనిషి, మీసాలు చెవులదాకా ఉన్న మనిషి, మెల్లగా లేచి నిలబడి చిటికెన వేలు చూపించాడు.

"సరే వెళ్ళు," అంది నీలగంగ, పుస్తకంలోంచి తలెత్తకుండా. "దారిలో ఆడుకోకుండా వెంటనే రావాలి."